ఎంజీబీ: గేజ్ నార్మల్, ఇంజిన్ మాత్రం మొరాయింపు

రేసు ముగించి పది నిమిషాలు ఆపాక మీ ఎంజీబీ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) స్టార్ట్ కాక సతాయిస్తోందని, టెంపరేచర్ గేజ్ మాత్రం నార్మల్‌గానే ఉందని రాశారు. దయచేసి రేడియేటర్ మార్చకండి, డబ్బు దండగ. ఈ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (పొగ బయటికి పోయే గొట్టాలు), ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లు (పెట్రోలును గాలితో కలిపే భాగాలు) ఒకే పక్కన ఉంటాయి. బండి ఆగితే గాలి ఆడదు, ఆ వేడికి ఫ్లోట్ బౌల్‌లో (కార్బురేటర్‌కుండే చిన్న తొట్టి) పెట్రోలు మరిగిపోతుంది. ఆ రెంటి మధ్యలో ఉండే హీట్ షీల్డ్‌ను (వేడిని అడ్డుకునే రేకు) బరువు తగ్గుతుందని తీసేసి ఉంటే వెంటనే తిరిగి బిగించండి. మానిఫోల్డ్‌కు వేడి ఆపే పట్టీ చుట్టడం నాకు నచ్చదు, లోపల తేమ చేరి తుప్పు పడుతుంది. సిరామిక్ కోటింగే మేలు.

అసలు కావాల్సింది వేడి గాలి బయటికి పోయే దారి. పాత స్పోర్ట్స్ కారు ఆస్టిన్-హీలీ 100ఎం బానెట్‌కు లూవర్లు (గాలి పోయే చీలికలు) ఉన్నది అందుకే. మీరూ పెట్టిస్తే రేడియేటర్‌కు కాస్త వెనక కోయించండి. ముందు అద్దం మొదట్లో వద్దు, అక్కడ గాలి ఒత్తిడి ఎక్కువ. పిట్‌లోకి రాగానే బానెట్ ఎత్తి పెట్టండి.