బెలూన్ల పండగకు బయలుదేరే ముందు

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

జనవరిలో యూటాలోని బ్లఫ్ ఊళ్లో జరిగే వేడిగాలి బెలూన్ల పండగకు ఫీనిక్స్ నుంచి కారులో వెళ్తున్నామనీ, ఒంగోలు నుంచి వచ్చిన మీ అత్తగారినీ మామగారినీ కూడా తీసుకెళ్తున్నామనీ రాశావు. సంతోషం. కానీ నువ్వు పంపిన పట్టిక చూస్తే నాకే ఆయాసం వచ్చింది. మూడు రోజుల్లో గ్రాండ్ కాన్యన్, యాంటిలోప్ కాన్యన్, మాన్యుమెంట్ వ్యాలీ, ఆపైన బెలూన్లు! మొదటి రెండూ కొట్టేయి. ఫీనిక్స్ నుంచి బ్లఫ్‌కు దాదాపు 350 మైళ్లు. చలికాలంలో సాయంత్రం అయిదున్నరలోపే పొద్దు గుంకుతుంది. చీకటి పడ్డాక, దారిలో వచ్చే నవాహో ఆదివాసుల ప్రాంతపు రోడ్ల మీదికి ఆవులు, గుర్రాలు వచ్చి నిలబడతాయి. వెలుతురు ఉండగానే గమ్యం చేరాలి.

ఏళ్ల తరబడి అల్బుకర్కీలో ఉంటూ బెలూన్ల వాళ్లకు చేయందించిన అనుభవంతో చెబుతున్నాను. ఈ పండగలో పెత్తనమంతా గాలిదే. బెలూనుకు స్టీరింగు ఉండదు. పైలట్ ఎత్తు పెంచుతూ తగ్గిస్తూ, తనకు కావలసిన వైపు వీచే గాలి పొరను వెతుక్కుంటాడు. పొద్దెక్కి నేల వేడెక్కితే గాలి చెదురుతుంది కాబట్టి తెల్లవారగానే ఎగరాలి. బయట ఎంత చలి ఉంటే బెలూను అంత తేలిగ్గా లేస్తుంది. అందుకే ఈ ఎముకలు కొరికే కాలంలో పండగ. ఒక ఉదయం గాలి ఎక్కువై ఎగరడం రద్దయితే ఎవరినీ తిట్టుకోవద్దు. రెండు ఉదయాలు చేతిలో ఉంచుకుంటే ఒకటైనా దక్కుతుంది.

సూర్యోదయం ఏడున్నర ప్రాంతంలో. మీరు ఏడింటికల్లా మైదానంలో ఉండండి, ఎందుకంటే ఎగరడం కంటే ముందు జరిగే తతంగమే నాకు ఇష్టం. పైలట్ ఒక చిన్న హీలియం బుడగను వదిలి, అది ఎటు పోతుందో మెడ వెనక్కి వంచి చూస్తాడు. గడ్డకట్టిన ఎర్రమట్టి మీద నైలాను గుడ్డను పొడవునా పరుస్తారు. ఇద్దరు మూతిని తెరిచి పట్టుకుంటే, పెద్ద ఫ్యాను చన్నీళ్లలాంటి గాలిని లోపలికి కొడుతుంది. గుడ్డ కడుపు ఉబ్బాక బర్నరు ఒక్కసారి గర్జిస్తుంది. అంతవరకూ చలికి వణికిన ముఖాలకు వెచ్చగా సెగ తగులుతుంది. అడిగితే మూతి పట్టుకునే పని మీకూ ఇవ్వవచ్చు. గుడ్డను మాత్రం తొక్కకండి. అల్లుడు గారి సిగరెట్టు ఆ చుట్టుపక్కల కనిపించకూడదు.

వ్యాలీ ఆఫ్ ది గాడ్స్‌లో ఎర్రరాతి స్తంభాల మధ్య బెలూన్లు తేలడం చూడటానికి వెళ్తారు కదా, ఆ 17 మైళ్ల దారి మట్టిది. పొడిగా ఉంటే మామూలు కారు కూడా నెమ్మదిగా పోతుంది. మంచు కరిగి తడిసిందా, జిగట బంకమన్ను, టైరు పట్టదు. ఆ రోజు తారు రోడ్డు పక్కన ఆగి చూడండి, ఏమీ తక్కువ కాదు. అక్కడికి దగ్గర్లోనే మోకీ డగ్‌వే ఉంది. యురేనియం ఖనిజం లారీల కోసం 1950ల్లో కొండ అంచున చెక్కిన కంకర మలుపుల దారి, వెయ్యి అడుగులకు పైగా ఎక్కుతుంది. మామగారికి గుండె జబ్బు ఉందన్నావు కనుక దాని జోలికి వద్దు. గూస్‌నెక్స్ చాలు. అక్కడ శాన్ వాన్ నది వెయ్యి అడుగుల లోతున పాములా మెలికలు తిరుగుతుంది, కారు దిగి నాలుగడుగులు వేస్తే కనిపిస్తుంది.

తెల్లవారుజామున సున్నాకు 7 సెల్సియస్ డిగ్రీలు కిందికి పోవడం అక్కడ మామూలే. అత్తగారు చీర కడతానంటే కట్టనీ, లోపల ఉన్ని లెగ్గింగ్స్, కాళ్లకు బూట్లు తప్పనిసరి. శాలువాతో సరిపెట్టుకుంటానంటే ఒప్పుకోవద్దు.

నవాహో ప్రాంతంలో మద్యం నిషిద్ధం, వాళ్ల పార్కుల్లో డ్రోన్ ఎగరేయకూడదు. అడగకుండా మనుషుల ఫొటోలు తీయవద్దు, అది వాళ్ల ఇల్లు. శాకాహారం దొరకడం కష్టం, చిక్కుడు గింజల కూరలో కూడా మాంసం ఉండొచ్చు, అడిగి తినండి. పులిహోర కట్టుకెళ్లండి. దారిలో వచ్చే కయెంటా ఊళ్లో పెట్రోలు నింపుకోండి.

బ్లఫ్ చాలా చిన్న ఊరు, గదులు ఇప్పుడే పట్టు. దొరక్కపోతే 25 మైళ్ల దూరంలో బ్లాండింగ్ ఉంది. బయలుదేరే ముందు రాత్రి 511కు ఫోన్ చేసి రోడ్ల సంగతి విను. దారిలో వచ్చే ఫ్లాగ్‌స్టాఫ్ 7,000 అడుగుల ఎత్తున ఉంది, అక్కడ మంచు కురుస్తుంటే ప్రయాణం ఒక రోజు వాయిదా వేయండి.

మీ పెదనాన్న