లోయలోకి దిగే ముందు ఆ నొప్పి మాత్ర సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 56. జూన్‌లో అమెరికాలోని మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. అక్కడి గ్రాండ్ కాన్యన్ అనే పెద్ద లోయలో ఒకరోజు ట్రెక్కింగ్ చేద్దామంటున్నాడు. ఉదయం దక్షిణ అంచు నుంచి నది దాకా దిగి, సాయంత్రానికి పైకి వచ్చేయాలని ఆలోచన. రోజూ గంట నడుస్తాను. ఎలాంటి బూట్లు కొనాలి? ఎన్ని లీటర్ల నీళ్లు తీసుకెళ్లాలి? బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడు డైక్లోఫెనాక్ వేసుకుంటాను.

జవాబు: బూట్లు ఇప్పటికే కాలికి అలవాటైనవైతే చాలు. కొత్తవి తొడుక్కుని వెళ్లకండి, బొబ్బలెక్కుతాయి. నన్ను ఆలోచనలో పడేసింది మీరు చివర్లో తేలిగ్గా రాసిన ఆ రెండు వాక్యాలు.

చెమటతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలు తమ రక్తనాళాలను సర్దుకుని వడపోతను నిలబెట్టుకుంటాయి. లోపలికి రక్తం తెచ్చే నాళం సన్నబడకుండా చూసే వ్యవస్థను డైక్లోఫెనాక్ దెబ్బతీస్తుంది. బయటికి పోయే నాళాన్ని బిగించే వ్యవస్థను టెల్మిసార్టాన్ అడ్డుకుంటుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ ఉప్పునూ నీటినీ మూత్రంలో పంపేస్తుంది. ఈ మూడింటికీ ఎడారి ఎండ తోడైతే కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతినవచ్చు. నొప్పేమీ ఉండదు, మూత్రం తగ్గుతుందంతే. దాన్ని ఎవరు గమనిస్తారు?

‘అప్పుడప్పుడు’ అంటే నెలకోసారా, వారానికి నాలుగుసార్లా? మీరు రాయలేదు. డాక్టరు రాసిచ్చారా, మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్నారా అన్నదీ రాయలేదు. ఎక్కువ దూరం నడవాలంటే ముందుజాగ్రత్తగా ఒక మాత్ర మింగి బయల్దేరేవాళ్లు చాలామందే. దయచేసి ఆ పని చేయకండి. అమెరికాలో చీటీ లేకుండా దొరికే ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్ కూడా డైక్లోఫెనాక్ కుటుంబానివే. పేరు మారినంత మాత్రాన ప్రమాదం తప్పదు. పారాసిటమాల్ సరిపోతుందేమో, ఎంత మోతాదో మీ డాక్టరును అడగండి. అలాగని బీపీ మాత్ర మీ అంతట మీరు మానేయవద్దు. ప్రయాణానికి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), సోడియం, పొటాషియం రక్తపరీక్షలు చేయించుకోండి. ఆ రోజుకు మందుల్లో మార్పు అవసరమా అన్నది మిమ్మల్ని చూస్తున్న డాక్టరే తేల్చాలి. మిమ్మల్ని పరీక్షించకుండా నేను చెప్పగలిగేది ఇంతవరకే.

నీళ్లకు లీటర్ల లెక్క ఇవ్వలేను. సంచిలో చాలినన్ని ఉండాలి, తాగేది మాత్రం దాహాన్ని బట్టి. హైడ్రోక్లోరోథయాజైడ్ వాడేవారు ఉత్త నీళ్లే అదే పనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోవచ్చు. తలనొప్పి, వాంతులు, అయోమయం వస్తాయి. వడదెబ్బేమోనని ఇంకా నీళ్లు పట్టిస్తే పరిస్థితి విషమిస్తుంది. మధ్యమధ్య ఏదైనా ఉప్పగా ఉన్నది తినండి. బీపీ ఉంది కాబట్టి ఎంతవరకు తినవచ్చో ముందే అడిగి పెట్టుకోండి. ఓఆర్ఎస్ పొడిని పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, చిక్కగా వద్దు.

ఇక నది దాకా వెళ్లి అదే రోజు తిరిగి రావడం. వద్దని అక్కడి నేషనల్ పార్క్ సర్వీసే చెబుతోంది. దక్షిణ అంచు సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉంటుంది, నది అక్కడికి 1,300 మీటర్లకు పైగా దిగువన. కిందికి వెళ్లేకొద్దీ వేడి పెరుగుతుంది. జూన్‌లో అడుగున 40 డిగ్రీలు దాటడం మామూలే. కొండ ఎక్కేవారికి అలసిపోయాక దిగుడు మిగులుతుంది. ఇక్కడ చల్లని వేళ హాయిగా దిగి, ఎండ ముదిరాక ఎక్కాలి. దిగడానికి పట్టినదానికి రెట్టింపు సమయం పడుతుందనుకోండి. మీ గంట నడక బహుశా చదును నేల మీదిది, దాన్ని చూసుకుని ధైర్యపడకండి. దిగుడు మోకాళ్లకూ మంచిది కాదు. తెల్లవారకముందే బయల్దేరి, బ్రైట్ ఏంజెల్ దారిలో సుమారు రెండున్నర కిలోమీటర్ల దగ్గరుండే మొదటి విశ్రాంతి గది దాకా వెళ్లి వెనక్కి తిరగండి. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు ఎండలో ఎక్కే పని పెట్టుకోవద్దు. దారిలోని నీటి కుళాయిలు కొన్నిసార్లు పనిచేయవు, ఆ రోజే కనుక్కోండి.

మాట తడబడినా, నడక తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా వడదెబ్బగానే భావించాలి. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ సహాయానికి కబురు పంపాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. అప్పుడు పారాసిటమాల్ వేసినా వేడి తగ్గదు. ఫోను సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు కాబట్టి ఒంటరిగా దిగవద్దు. మీరు ఏయే మందులు వాడుతున్నారో మీ అబ్బాయికి తెలుసా? మాత్రల పేర్లు, మోతాదులు కాగితం మీద రాసి ఇవ్వండి. అందులో డైక్లోఫెనాక్ కూడా రాయండి.