ఆరో తరగతికి ఇంగ్లీషు భాషాభాగాలు చెప్పబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. బడి, ఊరు, అద్దె ఇల్లు అన్నీ కుదురుకున్నాయని చదివి సంతోషించాను. పిల్లల గురించి నువ్వు రాసిన మాట మాత్రం రెండు రోజులుగా నా మనసులోనే తిరుగుతోంది. నౌన్ అంటే ఏమిటని అడిగితే తరగతి మొత్తం ఒకే గొంతుతో నిర్వచనం అప్పజెబుతోందనీ, బోర్డు మీద వాక్యం రాసి అందులో నౌన్ చూపించమంటే అందరూ తలలు వంచుకుంటున్నారనీ రాశావు. అది పిల్లల లోపం కాదు, నీ లోపం అంతకన్నా కాదు. ముప్పై నాలుగేళ్ళు నేను ఈ పాఠం చెప్పాను. మొదటి ఏడెనిమిదేళ్ళు నేనూ నిర్వచనాలతోనే మొదలుపెట్టాను కనుక, ఆ దారి ఎక్కడ ఆగిపోతుందో నాకు బాగా తెలుసు.

ఒక పని చెయ్యి. రేపు తరగతిలో ఇంగ్లీషు పుస్తకం తెరవవద్దు. బోర్డు మీద 'కుక్క మనిషిని కరిచింది' అని రాయి. దాని కింద 'మనిషిని కుక్క కరిచింది' అని రాయి. ఎవరు ఎవరిని కరిచారని అడుగు. రెండింటికీ ఒకటే జవాబు వస్తుంది. మాటలు అటూ ఇటూ మారినా అర్థం ఎందుకు మారలేదని అడుగు. కాసేపు ఆగు, నువ్వు చెప్పకు. ఎవరో ఒక పిల్ల లేచి 'మనిషికి ని ఉంది కదా టీచర్' అంటుంది. నీకు కావలసింది ఆ మాటే. ఇప్పుడు 'ద డాగ్ బిట్ ద మ్యాన్' అని రాసి, డాగ్‌నీ మ్యాన్‌నీ తారుమారు చెయ్యి. ఈసారి మనిషే కుక్కను కరిచాడు. పిల్లలు పగలబడి నవ్వుతారు, నవ్వనివ్వు. ఆ నవ్వుతో వాళ్ళకు తెలిసినది ఏ నిర్వచనంతోనూ తెలియదు.

తెలుగులో మాట తన పనిని తన చివర తగిలించుకుని తిరుగుతుంది. ని, కి, తో, లో, గా ఉన్నంత వరకు ఎక్కడ కూర్చున్నా దాని పని దానిదే. ఇంగ్లీషులో మాటకు అలాంటి తోకలు చాలా తక్కువ. అది కూర్చున్న చోటును బట్టే దాని పని. భాషాభాగాల పాఠంలో నేను పట్టుకున్న ఆధారం ఇదొక్కటే. మిగిలినవన్నీ దీని చుట్టూ అల్లుకో.

'వాటర్' నౌన్ అని పిల్లలు నేర్చుకుని వస్తారు. 'ద వాటర్ ఈజ్ కోల్డ్' అంటే నౌనే. 'వాటర్ ద ప్లాంట్స్' అంటే? 'మొక్కలకు నీళ్ళు పొయ్యి' అని. తెలుగులో 'పొయ్యి' అని వేరే క్రియ కావలసి వచ్చింది. ఇంగ్లీషులో వాటర్ క్రియ ఉండే చోట కూర్చుని తానే క్రియ అయిపోయింది. చేతిలో ఉన్నది బుక్, బస్సు టికెట్టుకు చేసేదీ బుక్. కాబట్టి 'వాటర్ ఏ భాషాభాగం' అని ఒంటరి మాటను ఎప్పుడూ అడగకు. వాక్యంలో పెట్టి, 'ఇక్కడ ఏ పని చేస్తోంది' అని అడుగు.

పిల్లలు నీ దగ్గరకు ఖాళీ చేతులతో రావడం లేదని గుర్తుంచుకో. తెలుగు పాఠంలో నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం అని ఐదు భాషాభాగాలు వాళ్ళకు వస్తాయి. మొదటి నాలుగూ నౌన్, ప్రొనౌన్, అడ్జెక్టివ్, వెర్బ్‌లకు దాదాపు సరిపోతాయి. అడ్వెర్బ్, కంజంక్షన్, ఇంటర్జెక్షన్‌లలో చాలా వాటిని మనం అవ్యయాల్లో వేస్తాం. ప్రిపొజిషన్ చేసే పని మన విభక్తులు చేస్తాయి. తెలుగు ఉపాధ్యాయుడితో మాట్లాడి, మీ ఇద్దరి పాఠాలూ ఒకే వారంలో వచ్చేలా చూసుకో. ఈ కాస్త పని చాలా బడుల్లో జరగదు. పిల్లలు మాత్రం రెండు వ్యాకరణాలను రెండు లోకాలనుకుని మోస్తూ ఉంటారు.

ఇంగ్లీషులో భాషాభాగాలు ఎనిమిదే ఎందుకని ఎవరైనా అడిగితే కసురుకోకు, అది మంచి ప్రశ్న. గ్రీకు వ్యాకర్త డయొనీసియస్ థ్రాక్స్ పేరున వచ్చిన ప్రాచీన వ్యాకరణంలో భాషాభాగాలు ఎనిమిది. గ్రీకులో ఉన్న ఆర్టికల్, అంటే ఇంగ్లీషు 'ద' లాంటి మాట, లాటిన్‌లో లేదు. లాటిన్ పండితులు దాన్ని తీసేసి, ఇంటర్జెక్షన్‌ను చేర్చి మళ్ళీ ఎనిమిది చేశారు. 1586లో విలియం బులోకర్ అచ్చు వేసిన మొదటి ఇంగ్లీషు వ్యాకరణం కూడా లాటిన్ అచ్చులోనే నడిచింది. మన దగ్గర ప్రాచీన సంస్కృత పండితుడు యాస్కుడు నామం, ఆఖ్యాతం, ఉపసర్గ, నిపాతం అని నాలుగే చెప్పాడు. లెక్క అనేది చూసేవారి కళ్ళను బట్టి ఉంటుంది. 'ఎ, యాన్, ద ఎందులోకి వస్తాయి టీచర్' అని అడిగితే, పాత పుస్తకాలు అడ్జెక్టివ్‌లో వేశాయనీ, ఇప్పుడు చాలామంది డిటర్మినర్ అని వేరే వరుస కడుతున్నారనీ ఉన్నది ఉన్నట్టు చెప్పు.

ఇక అడ్వెర్బ్. దీని దగ్గర నేనొక పిల్లవాడికి అన్యాయం చేశాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, 'మా అమ్మ అందంగా ఉంటుంది' అనే వాక్యానికి అతను 'మై మదర్ ఈజ్ బ్యూటిఫుల్లీ' అని రాశాడు. యాభై సార్లు సరిచేసి రాయమన్నాను. రాసి తెచ్చాడు. మరుసటి నెల పరీక్షలో 'ద ఫుడ్ ఈజ్ టేస్టీలీ' అని రాశాడు. అతను ఎంత శ్రద్ధగా నా పాఠం విన్నాడో నాకు ఏళ్ళ తరవాత గాని తెలియలేదు. 'గా' చేరితే క్రియావిశేషణం, దానికి ఇంగ్లీషులో 'లీ' చేరుతుందని చెప్పింది నేనే. త్వరగా అంటే క్విక్లీ, నెమ్మదిగా అంటే స్లోలీ. అదే లెక్కన అందంగా అంటే బ్యూటిఫుల్లీ, రుచిగా అంటే టేస్టీలీ. అతను తప్పు చేయలేదు, నేను సగమే చెప్పాను.

చెప్పవలసిన మిగతా సగం ఇది. 'గా' తరవాత ఏ క్రియ ఉందో చూడాలి. ఉండడం, కనిపించడం, అనిపించడం ఉంటే ఆ మాట మనిషి గురించో వస్తువు గురించో చెబుతోంది, కనుక ఇంగ్లీషులో అడ్జెక్టివ్ కావాలి. అందంగా ఉంది, బ్యూటిఫుల్. పాడడం, నడవడం, రాయడం ఉంటే ఆ పని ఎలా జరిగిందో చెబుతోంది, అడ్వెర్బ్ కావాలి. అందంగా పాడింది, బ్యూటిఫుల్లీ. ఈ తేడా మీద రెండు పీరియడ్లు పెట్టు, తొందరపడకు. ఆ తరవాతే 'లీ' కూడా పూర్తిగా నమ్మదగినది కాదని చెప్పు. ఫ్రెండ్లీ, లవ్లీ అడ్జెక్టివ్‌లు. ఫాస్ట్, హార్డ్ ఏ తోకా లేకుండానే అడ్వెర్బ్‌లుగా పనిచేస్తాయి. హార్డ్‌కు లీ చేర్చి హార్డ్లీ అంటే కష్టపడి అని కాదు, దాదాపు లేదని అర్థం వస్తుంది.

ప్రిపొజిషన్‌కు దాని పేరే పాఠం. 'ప్రి' అంటే ముందు, 'పొజిషన్' అంటే ఉండే చోటు. మన మీద, లో, కోసం నామవాచకానికి తరవాత వస్తాయి, వాళ్ళవి ముందు వస్తాయి. 'బల్ల మీద' అనేది అద్దంలో చూసినట్టు తిరగబడి 'ఆన్ ద టేబుల్' అవుతుంది. పిల్లలకు ఈ తిరగబడడం చప్పున అందుతుంది. చిక్కంతా ఒక్కో విభక్తికి ఒక్కో ప్రిపొజిషన్‌ను జత కట్టి పట్టిక వేయడంతో వస్తుంది. 'బడికి వెళ్ళాను' అంటే 'టు', 'ఆరు గంటలకు వచ్చాను' అంటే 'యట్', 'దగ్గుకు మందు' అంటే 'ఫర్'. 'సోమవారం వస్తాను' అనడానికి మనకు ఏ ప్రత్యయమూ అక్కర్లేదు, వాళ్ళకు 'ఆన్' కావాలి. చదువుకున్న పెద్దలు కూడా ఒట్టి 'డిస్కస్' చాలే చోట 'డిస్కస్ అబౌట్' అనడానికి కారణం మన 'గురించి' వెనకాలే రావడం. పట్టిక బోర్డు మీద వేయకు. మాటను జతతో సహా నేర్పు.

క్రియ దగ్గర మన భాష నీకు ఎంతో సాయం చేస్తుంది. 'డిడ్ నాట్ వెంట్' అనే తప్పు నీ పుస్తకాల కట్టలో సగం పేజీల్లో ఉంటుంది. సూత్రం చెప్పి లాభం లేదు. 'వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళారు' అని రాసి వీటిని కాదనమని అడుగు. 'వెళ్ళలేదు' అంటారు, ముగ్గురికీ ఒకే మాట. జరిగిపోయిన కాలాన్ని 'లేదు' మోస్తోంది కనుక ముందున్న క్రియ కాలాన్నీ, అతను, ఆమె అన్న గుర్తునూ వదిలేసింది. 'వెళ్ళాడులేదు' అని ఎవరైనా అంటారా అని అడుగు. డిడ్ కూడా అలాగే కాలాన్ని తన మీద వేసుకుంటుంది, అప్పుడు గో మళ్ళీ గో అయిపోతుంది. ఇది చెప్పిన రోజు నా తరగతిలో చివరి బెంచీ పిల్లవాడు 'వెళ్ళాడులేదు' అని తనలో తాను అనుకుని తల ఊపడం నేను చూశాను. అతను మళ్ళీ ఆ తప్పు రాయలేదు.

ఇంకో మూడు చోట్ల జాగ్రత్త. 'మా అక్క నర్సు' అన్నది తెలుగులో క్రియ లేకుండానే నిండు వాక్యం, ఇంగ్లీషులో 'ఈజ్' లేకపోతే నిలవదు. 'వస్తాను' అనే ఒక్క మాట రోజూ వచ్చేదానికీ, రేపు రాబోయేదానికీ పనికివస్తుంది, అక్కడ రెండు వేరు రూపాలు. వాక్యాన్ని ముగించే సమాపక క్రియలు, ముగించని అసమాపక క్రియలు తెలుగు పాఠంలో వచ్చే ఉంటాయి. 'తిని, తాగి, పడుకున్నాడు' అని ఒక్క సమాపక క్రియతో మనం ముగిస్తాం. పిల్లలు అదే పద్ధతిలో ఇంగ్లీషులో క్రియలను గొలుసు కడతారు. మధ్యలో 'అండ్' ఎక్కడ కావాలో చూపించు. కంజంక్షన్ పాఠం అక్కడే సగం అయిపోతుంది, దానికి వేరే రోజు పెట్టుకోనక్కర్లేదు. ఇంటర్జెక్షన్‌కు పది నిమిషాలు చాలు.

సర్వనామాల్లో మన దగ్గర ఉన్న కొన్ని తేడాలు అక్కడ లేవు, అంతే. వాడు, అతను, ఆయన ముగ్గురూ 'హీ'. మేము, మనం రెండూ 'వుయ్'. కానీ ఒక సున్నితమైన సంగతి ఉంది. 'మా నాన్నగారు వచ్చారు' అనే పిల్ల 'మై ఫాదర్ హావ్ కమ్' అని రాస్తుంది. అది నిర్లక్ష్యం కాదు, నాన్న మీద గౌరవం. ఎర్ర సిరాతో కొట్టేసే ముందు ఆ మాట ఆ పిల్లకు చెప్పు. ఇంగ్లీషులో గౌరవాన్ని బహువచనంతో చూపించరనీ, 'హాజ్' రాసినంత మాత్రాన నాన్నను తక్కువ చేసినట్టు కాదనీ చెప్పు. పన్నెండేళ్ళ పిల్లకు అది చిన్న విషయం కాదు.

నెలాఖరుకల్లా ఎనిమిదీ అయిపోవాలని పైవాళ్ళు అడిగారని రాశావు. అడగనివ్వు. నౌన్, వెర్బ్, ఆ రెండింటి చోట్లు నిలబడితే మిగిలినవి వేగంగా వస్తాయి. అవి నిలబడకుండా ఎనిమిదీ చెప్పేస్తే వచ్చే ఏడు ఏడో తరగతిలో మళ్ళీ మొదటికి వస్తావు. ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకం కొను. పిల్లలు రాసిన తప్పులు ఎడమ పేజీలో, వాళ్ళ మనసులో ఉన్న తెలుగు వాక్యం కుడి పేజీలో రాసుకో. పిల్లల పేర్లు రాయవద్దు. నా దగ్గర అలాంటివి పదకొండు పుస్తకాలు ఉండేవి. మొన్న అటక మీది సామాను దింపించినప్పుడు చూస్తే మూడు చెదపురుగుల పాలయ్యాయి. మిగిలిన ఎనిమిదీ గుడ్డలో కట్టి ఉంచాను. సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకువెళ్ళు, నీ నోటు పుస్తకం కూడా తీసుకురా. మీ అమ్మకు మోకాళ్ళ నొప్పులు తగ్గాయో లేదో రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ