దసరాకి చిత్తుప్రతి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

రెండొందల పేజీల నవల ఏడాదిలో పూర్తిచెయ్యాలనుకుంటున్నానన్నావు. ముందు పేజీల్ని మాటల్లోకి మార్చుకో. మనవాళ్లు ఎక్కువగా వేసే 1/8 డెమీ (సుమారు 5.5 × 8.5 అంగుళాల) సైజులో పేజీకి సుమారు 220 మాటలు పడతాయి. అచ్చు ఫారాల లెక్కన, అంటే 16 పేజీల కట్టల లెక్కన నడుస్తుంది కాబట్టి 200 అంటే పన్నెండున్నర ఫారాలు, అదో తలనొప్పి. 192 పెట్టుకో. ముందుమాటకీ వగైరాకీ 8 తీసేస్తే 184 పేజీలు, అంటే దాదాపు 40,000 మాటలు.

రోజుకి 400 మాటలు, వారానికి ఐదు రోజులు: 20 వారాలు. పెళ్లిళ్లు, జ్వరాలు, పిల్లల పరీక్షలు ఇంకో 6 వారాలు మింగేస్తాయి. ఉగాదికి మొదలుపెడితే దసరాకి చిత్తుప్రతి చేతికొస్తుంది.

బాకీ మాత్రం మోయకు. మంగళవారం తప్పిందని బుధవారం 800 పెట్టుకుంటే, మూడు రోజులు తప్పేసరికి 1,600 అవుతుంది. ఆ అంకె చూసే చాలామంది నోట్‌బుక్ మూసేస్తారు. తప్పిన రోజుల్లో ఒకటి శనివారం తీర్చు, మిగతావి ఆ 6 వారాల ఖాతాలో రాసెయ్. లెక్క కూడా వారానికోసారే చూడు. ‘వెళ్లాల్సి వచ్చింది’ని కలిపి రాస్తే ఒక మాట, విడగొడితే రెండు, రోజువారీ అంకెని అంతగా నమ్మక్కర్లేదు.

చిత్తుప్రతికి ఒకటే నియమం: వెనక్కెళ్లి దిద్దకూడదు. మొదటి అధ్యాయాన్నే పదిసార్లు చెక్కుతూ రెండో అధ్యాయానికి చేరని నవలలే ఎక్కువ. ఏ ఊరి బస్సో, ఏ నెలలో కోతలో గుర్తురాకపోతే అక్కడ @ కొట్టి ముందుకెళ్లు. తర్వాత ఒక్క సెర్చ్‌లో అన్నీ దొరుకుతాయి.

భాషకి మాత్రం మొదటిరోజే ఒక పట్టిక రాసుకో. చేశాడా, చేసాడా? పెళ్లా, పెళ్ళా? ఏదైనా ఫరవాలేదు, చివరిదాకా ఒకటే ఉండాలి. మాండలికం ఇంకా జాగ్రత్త. మొదటి అధ్యాయంలో ‘ఏందిరా’ అన్న నాయనమ్మ నలభయ్యో పేజీలో ‘ఏమిట్రా’ అంటే, ఆవిడ పోయి నువ్వు మాట్లాడుతున్నట్టుంటుంది. ప్రతి పాత్ర పేరు కింద ఆ మనిషి నోట వచ్చే పది మాటలు రాసిపెట్టుకో.

దసరా తర్వాత మూడు వారాలు దాన్ని ముట్టుకోకు. ఆపైన కథ కోసం ఒకసారి, వాక్యం కోసం ఇంకోసారి చదువు. వాక్యాలు దిద్దేటప్పుడు లక్ష్యం మాటలు కాదు, రోజుకి 6 పేజీలు, అదీ పైకి చదువుతూ. ఆ ఒక్క చదువుకే ఆరు వారాలు పడుతుంది. కాబట్టి డిసెంబరు హైదరాబాద్ బుక్‌ఫెయిర్ మీద ఆశ పెట్టుకోకు. నువ్వు టైపు చేసిన యూనికోడ్ ఫైలుని పేజీలు కూర్చే డీటీపీ వాళ్లు అను ఫాంట్లలోకి (అచ్చుకి వాడే పాత రకం తెలుగు ఫాంట్లు) మారిస్తే ఒత్తులు చెదురుతుంటాయి, అందుకని ప్రూఫు కాగితం మీదే చూడు.

పట్టిక ఇప్పుడే పంపు. అధ్యాయాలు దసరా దాకా పంపకు, పంపినా చదవను.

మీ బాబాయ్