బొటనవేలు తలుపుకి కొట్టుకున్న రోజు

ఇంగ్లీషు బూతులు ఎక్కడివి, వాటికంత బలం ఎందుకు అని అడిగారు. నేను ఇంగ్లండులోని యార్క్‌లో తొమ్మిదేళ్లుగా కేర్ హోమ్ నర్సుని. నాకు తెలిసింది అక్కడే తెలిసింది.

మా దగ్గర రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకాయన ఉండేవారు. పక్షవాతంతో కుడి పక్కంతా పడిపోయింది, మాట పోయింది. ఆదివారం కూతురు వస్తే ఆమె పేరు పలకాలని పెదవులు కూడదీసుకునేవారు. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేది, కళ్లమ్మట నీళ్లు. ఒకరోజు నేను వీల్‌చెయిర్ తిప్పుతుంటే ఆయన బొటనవేలు తలుపుకి కొట్టుకుంది. 'బ్లడీ హెల్!' అన్నారు. నత్తి లేదు, వణుకు లేదు, అచ్చం యార్క్‌షైర్ యాస. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. కూతురు నన్ను కోప్పడుతుందనుకున్నాను. ఆమె ఆయన మోకాళ్ల దగ్గర కూలబడి 'మా నాన్న గొంతు' అని ఏడ్చేసింది.

ఆలోచించి కూర్చుకునే మాట వేరు, నొప్పికి తన్నుకొచ్చే తిట్టు వేరు. రెండూ మెదడులో ఒకే దారిన రావు. మాట పోయినవాళ్లకి కూడా తిట్టు మిగులుతుందని లండన్ డాక్టర్ హ్యూలింగ్స్ జాక్సన్ 19వ శతాబ్దంలోనే రాశాడు. ఇంగ్లండులోనే కీల్ యూనివర్సిటీలో ఐసు నీళ్లలో చెయ్యి పెట్టించి చూస్తే, తిట్టుకుంటూ ఉన్నప్పుడు ఎక్కువసేపు ఓర్చుకోగలిగారు. ఆ ఫలితాలు 2009లో వచ్చాయి.

ఇంగ్లీషులో 'స్వేర్' అంటే ఒట్టు పెట్టడం, బూతులాడటం రెండూ. ఒకప్పుడు వాళ్లకి దడ పుట్టించింది దేవుడి మీద ఒట్టే. 'దేవుడి గాయాల తోడు' అన్నది నలిగి నలిగి 'జౌండ్స్' అయింది. నాటకంలో దేవుడి పేరు తేలిగ్గా వాడితే పది పౌండ్ల జరిమానా అని 1606లో చట్టమే చేశారు. ఒంటికి సంబంధించిన బూతు మాటలకి మొదట్లో అంత పట్టింపు లేదు. మా యార్క్‌లో గ్రేప్ లేన్ అనే సందుకి మధ్యయుగంలో ఉన్న పేరు ఇప్పుడు నేను రాయలేను, అంత పచ్చి మాట. దేవుడి భయం తగ్గి ఒంటి సిగ్గు పెరిగాక బలం అటు మారింది. అయినా 1914లో లండన్‌లో బెర్నార్డ్ షా నాటకం 'పిగ్మేలియన్'లో హీరోయిన్ 'బ్లడీ' అంటే పేపర్లు గగ్గోలెత్తాయి.

మనవాళ్లు ఆఫీసుల్లో ఎఫ్ మాటని ఊతపదంలా వాడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట అని చిన్నప్పుడు అమ్మ చేతిలో దెబ్బలు తినలేదు కాబట్టి దాని బరువు తెలియదు. అదే అర్థం తెలుగులో అనమనండి, నోరు రాదు.

ఆ రోజు మా మేనేజర్ రికార్డులో 'అసభ్య భాష వాడారు' అని రాయమంది. ఆరు నెలల తర్వాత మనిషి నోరు పెగిలితే అది అసభ్యమా? నేను రాయలేదు. 'స్పష్టంగా రెండు మాటలు పలికారు' అని రాసి, టైము వేసి, సంతకం పెట్టాను.