ఒళ్లో పెట్టెతో కూర్చున్న మనిషి

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ విమానం కథ రెండుసార్లు చదివాను. మొదటి వాక్యంలోనే ఇంజను పేలింది. మూడో పేజీకి నలభై మంది పోయారు. వాళ్లలో ఒక్కరి ఊరూ పేరూ చెప్పలేదు నువ్వు. ఇక నేను ఎవరి కోసం ఏడవాలి?

‘ఎయిర్‌పోర్ట్’ సినిమా చూసిన ఊపులో రాశానన్నావు. ఆర్థర్ హేలీ నవల ఆధారంగా జార్జ్ సీటన్ 1970లో తీసిన ఆ సినిమాను మళ్లీ చూడు, ఈసారి గడియారం పక్కన పెట్టుకుని. బాంబు పేలేది సినిమా సగం దాటి చాలాసేపయ్యాక. అంతవరకూ ఏముంది? మంచు తుపాను. మంచులో కూరుకుపోయి రన్‌వేకి అడ్డంపడ్డ విమానం, దాన్ని కదిలించడానికి తంటాలుపడే మెకానిక్ పట్రోనీ. టికెట్టు లేకుండా ఎక్కిన ఒక ముసలమ్మ. ఆ వేషానికి హెలెన్ హేస్‌కు ఆస్కార్ వచ్చింది. ఆమె పక్క సీట్లో గెరెరో. బతుకుతెరువు లేక, విమానాశ్రయంలోనే బీమా తీసుకుని, తాను పోతే ఆ డబ్బు భార్యకు అందుతుందన్న లెక్కతో రోమ్ విమానం ఎక్కాడు. బాంబున్న చిన్న పెట్టె ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకుంటాడు. కింద పెట్టడు. ఆ చేతులు చూస్తుంటే నా అరచేతులకు చెమట పట్టింది.

చివర విమానం దిగిన ప్రయాణికులకు అతని భార్య ఎదురు వెళ్లి, క్షమించమని ఒక్కొక్కరినీ ఏడుస్తూ వేడుకుంటుంది. మారీన్ స్టేపుల్టన్ నటించింది. ఆ కొద్దిసేపటి కోసమైనా చూడు.

ప్రమాదంతో ఎత్తుకోకపోతే పాఠకుడు పేజీ తిప్పేస్తాడని నీకు ఎవరో చెప్పి ఉంటారు. ఆ మాట చెప్పే సంపాదకులను నేను జీవితమంతా చూశాను. పడవ మునక మీద నేను రాసిన తొలి కథలో ఒకావిడ కిరోసిన్ డబ్బాను మోకాళ్ల మధ్య బిగించుకుని కూర్చుంటుంది. మూత సరిగ్గా పట్టక కొంగు చింపి కుక్కుతుంది. ఒక సంపాదకుడు ఆ పేజీ మొత్తం కొట్టేసి, పడవ బోల్తాతో మొదలుపెట్టి అచ్చువేశాడు. మా అమ్మ రాతప్రతి ముందే విన్నది. అచ్చయింది చదివి వినిపిస్తే, “ఆ డబ్బా ఏదిరా?” అని అడిగింది. ఆ సంచిక నేను మళ్లీ తెరవలేదు.

నీ రెండో పేజీలో, అందరూ కేకలు పెడుతుంటే, ఒకాయన సీటు కింద కాలితో తడుముతూ ఊడిపోయిన చెప్పు వెతుక్కుంటాడు. అక్కడ నేను కాగితం పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. నువ్వు మాత్రం మరుసటి వాక్యంలోనే రెక్క విరిచేశావు.

ఏ పత్రికకు పంపాలి, పేరు మార్చాలా అని అడిగావు. అవన్నీ తర్వాత. ఆ చెప్పులు ఎవరు కొనిచ్చారు? ఆయన ఎవరి దగ్గరికి వెళ్తున్నాడు? అది రాసి పంపు. పేలుడు ఇప్పుడే వద్దు.