చింతపండు జోలికి పోకు

చిరంజీవి రవికి,

పెదనాన్న ఆశీస్సులు. నాయనమ్మ ట్రంకుపెట్టెలో దొరికిన పధ్నాలుగు పాత నాణేల ఫోటోలు చూశాను. "వందేళ్ల నాటివి కదా పెదనాన్నా, లక్షలొస్తాయా?" అన్నావు. ముందు ఆ టెన్షన్ తగ్గించుకో. వాటిలో పన్నెండు 1918, 1919 నాటివి, బ్రిటిష్ రాజు అయిదో జార్జి బొమ్మ ఉన్న రూపాయలు. వాటికి వెండి ధర వస్తుంది, మహా అయితే ఇంకాస్త. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వెండి చాలక అమెరికా నుంచి తెప్పించి మరీ కొట్టారు. ఒక్క 1918లోనే బొంబాయి, కలకత్తా టంకశాలలు కలిసి 40 కోట్లకు పైగా కొట్టాయి. కరిగించి పట్టీలు, మొలతాళ్లు చేయించుకున్నవి పోను ఇప్పటికీ ఊరూరా ఉన్నాయి.

పదమూడోది 1911. దాన్ని వేరే పెట్టు. అదీ అయిదో జార్జి రూపాయే, కానీ దాని కథ వేరు. రాజుగారి అంగీ మీద చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది, భూతద్దంతో చూడు. తొండం పొట్టిగా చెక్కడంతో జనానికి అది పందిలా కనబడింది. ముస్లింలు ఆ రూపాయిని ముట్టుకోం అన్నారు. సుమారు 94 లక్షలు కొడితే బయటికి వచ్చినవి 7 లక్షలే అంటారు, మిగతావి కరిగించేశారు. 1912 నుంచి తొండం సరిదిద్దారు. అందుకే ఎన్ని కొట్టారని కాదు, ఎన్ని మిగిలాయని అడగాలిరా.

మిగిలినవి తక్కువైతే సరిపోదు, కావాలనేవాళ్లూ ఉండాలి. జార్జి రూపాయలు పోగేసేవాడు ఏడాదికొకటి చొప్పున ఆల్బమ్ నింపుతాడు. ఒక్క గడి ఖాళీగా ఉంటే వాడికి నిద్ర పట్టదు. ఆరో జార్జి వరసలో ఆ గడి 1939. మళ్లీ యుద్ధమొచ్చింది, 1940 నుంచి రూపాయిలో వెండి సగానికి తగ్గించేశారు. పాత వెండితో 1939 అంకె వేసిన రూపాయలు జనం చేతికొచ్చినవి బహు కొద్ది. అందుకే తనకంటే పాతదైన 1918 రూపాయి కంటే దీనికి ఎన్నో రెట్లు ధర.

ధర ఉన్నచోట దొంగ సరుకూ ఉంటుంది. ముప్పై ఏళ్ల కిందట ఒకాయన దగ్గర 1939 కొని నెల రోజులు మురిసిపోయాను. తూకం 11.66 గ్రాములు, సరిగ్గా పాతకాలపు తులం. వెండీ అసలైనదే. మోసం ఎక్కడంటే, అది 1938 రూపాయి. చివరి 8ని చెక్కి 9 చేశారు. పోతపోసిన నకిలీని తూకం పట్టిస్తుంది గానీ దీన్ని పట్టించదు. చివరి అంకె చుట్టూ గీతలున్నాయేమో, ఆ అంకె మిగతా వాటికంటే పల్చగా ఉందేమో చూసుకోవాలి.

పధ్నాలుగోది, అంటే రాముడి పట్టాభిషేకం బొమ్మతో 1818 ఈస్ట్ ఇండియా కంపెనీ అని రాసి ఉన్నది, అసలు నాణెమే కాదు. కంపెనీ అలాంటిది ఎన్నడూ కొట్టలేదు. పూజగదిలో పెట్టుకో.

ఇక అసలు మాట. ఏ ఒక్కదాన్నీ తోమకు. నేను నా మొదటి 1911 రూపాయిని చింతపండు, కొబ్బరి పీచు పెట్టి అద్దంలా తోమాను. మీ పెద్దమ్మ మెచ్చుకుంది. కొనేవాడు మాత్రం మొహం తిప్పుకున్నాడు. నల్లబడ్డ పైపొరే దాని వయసుకు సాక్ష్యం, తోమితే తిరిగి రాదు. అంచులు పట్టుకునే తియ్యి. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో వేయకు, పచ్చటి జిగురు పడుతుంది.

ఫోన్ చేసి "మీ నాణేనికి లక్షలు, ముందు కమీషన్ కట్టండి" అనేవాళ్లను నమ్మకు. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి డబ్బు గుంజుతున్నారని ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది. డాలస్‌లో ఉన్న మీ అక్క ఒకటి పంపమని అడిగినా వద్దను. వందేళ్లు దాటిన నాణేన్ని దేశం దాటించడం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నేరం.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ 1911 రూపాయి దూదిలో చుట్టి తీసుకురా. నేను తోమి పాడుచేసిన దాని పక్కన పెట్టి చూద్దాం.

మీ పెదనాన్న